సీసపు సిరలో వెండి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన సందర్భమున మనము జరుపుకొనుచున్న ఈ ఉత్సవమునకు పెద్దలు వెండి పేరు పెట్టినారు. కావున నేడు ఆ వెండి పుట్టుకను గూర్చి నాలుగు మాటలు చెప్పుట ఉచితమని తలచితిని. కాలి కడియములందును పూజాపాత్రలందును మనము చూచు ఆ తెల్లని లోహము భూగర్భమున శుద్ధరూపమున దొరకుట అరుదు. అది తఱచుగా సీసపు రాతిలో అణగియుండును. వెండి కథ చెప్పవలెనన్న సీసము కథ చెప్పక తప్పదు.

మొదట మన నేల సంగతి. ఝరాసంగము, జహీరాబాదు ప్రాంతము దక్కను లావా పీఠభూమికి చెందినది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట భూమి నెఱ్ఱెలనుండి కరిగిన రాయి పొరలుపొరలుగా పారి గట్టిపడినది. ఆ నల్లరాయి శిథిలమైన చోట నల్లరేగడి ఏర్పడెను. యుగయుగముల ఎండవానలకు తక్కిన పదార్థములు కొట్టుకొనిపోయి ఇనుము, అల్యూమినియము మిగిలిన చోట ఎఱ్ఱని గుల్లరాయి ఏర్పడెను. మన చెఱకు, అల్లము, ఆలుగడ్డ పండునది ఈ నేలలమీదనే. ఇట్టి రాళ్లు సీసపు సిరలకు నెలవులు కావు. చెలకలో మెఱయు రాయి కనబడినంతనే వెండి గని దొరికినదని ఎవరైన ఆశపెట్టినచో నమ్మి డబ్బు పోగొట్టుకొనకుడు.

సీసమును చూడగోరువారు పల్నాటికి పోవలెను. వినుకొండ ప్రాంతమున అగ్నిగుండాల అను చోటున్నది. దాని పరిసరములలో బండ్లమొట్టు కొండయందు సీసము, నల్లకొండయందు రాగి కలవు. ఇవి కడప శిలాద్రోణి అని శాస్త్రజ్ఞులు పిలుచు ప్రాచీన ప్రదేశమునకు ఈశాన్య భాగమున ఉన్నవి. నూఱు కోట్ల సంవత్సరములకు పూర్వమే అచ్చట సముద్రముండెను. ఆ సముద్రపు అడుగున పేరుకొన్న సున్నపురాతి జాతికి చెందిన డోలమైటు రాతిలోనే బండ్లమొట్టు సీసము చేరియున్నది.

ఆ రాతిలోనికి సీసము వచ్చిన విధమేమి? ఉప్పునీటిని కాగులో కాచినపుడు నీరు తగ్గినకొలది అంచున తెల్లని పొర కట్టుట మీరెఱిగినదే. భూగర్భమునను అట్టి పని జరుగును. లోతునకు దిగిన ఉప్పునీరు వేడెక్కి, రాళ్లలో చెదరియున్న సీసమును కరిగించుకొనును. పిదప పగుళ్లవెంట పైకి వచ్చి, చల్లబడిన చోటనో గంధకము తగిలిన చోటనో ఆ సీసమును విడిచిపెట్టును. పగులు నిండగా ఏర్పడిన ఖనిజపు పట్టెయే సిర. గంధకముతో కూడిన ఈ సీసపు ఖనిజమునకు గెలీనా అని పేరు. బూడిదరంగున మెఱయుచు, పగులగొట్టిన చదరపు ముక్కలుగా విడిపోవును. నూఱు పాళ్లలో ఇంచుమించు 87 పాళ్లు సీసమే. నీటికంటె ఏడున్నర రెట్లు బరువు. చేతబట్టినంతనే మామూలు రాయి కాదని తెలియును.

గెలీనాలో వెండి కంటికి కనబడదు. ఒక టన్ను సీసములో కొన్ని వందల గ్రాములున్నను గొప్పయే. దానిని వేఱుచేయుటకు పూర్వులు కనిపెట్టిన ఉపాయము మెచ్చదగినది. ఎముకల బూడిదతో చేసిన మూసలో సీసమును కరిగించి తిత్తులతో గాలి ఊదెడివారు. సీసము గాలితో కలిసి మృద్దారశృంగి అను పసుపుపచ్చని పదార్థమై మూసలో ఇంకిపోవును. వెండి గాలికి లొంగదు గనుక చిన్న గుండువలె మిగులును. గ్రీసుదేశమున ఏథెన్సు నగరవాసులు లారియన్ గనులనుండి ఈ విధముగానే వెండి తీసి, క్రీస్తుపూర్వము 483లో ఆ ఆదాయముతో యుద్ధనౌకలు కట్టుకొనిరి. నేడు భారతదేశమున తయారగు వెండిలో అధికభాగము రాజస్థానపు సీస, యశద ఖనిజములనుండియే లభించుచున్నది.

మన దేశమున సీసమునకు రాజగౌరవము కూడ లభించినది. శాతవాహనులు సీసముతో నాణెములు ముద్రించిరి. మన సంగారెడ్డి జిల్లాలోని కొండాపురమున 1940 తరువాత జరిగిన త్రవ్వకములలో అట్టి నాణెములు దొరకినవి. అచ్చటి పురావస్తుశాలకు పోయినవారు ఆనాటి వస్తువులను కన్నులార చూడవచ్చును. కడప జిల్లా జంగంరాజుపల్లె సీసపు గనులు 19వ శతాబ్దపు భూగర్భశాస్త్ర గ్రంథములకెక్కినవి. అగ్నిగుండాల ప్రాంతమునను పూర్వులు త్రవ్విన గోతులున్నవి. ఆ గోతులు త్రవ్వినవారి శ్రమ మిగిలినది, పేర్లు మిగులలేదు.

20వ శతాబ్ది చివరి దశాబ్దములలో హిందూస్థాన్ జింక్ సంస్థ బండ్లమొట్టున భూగర్భ గని నడపినది. రోజునకు 240 టన్నుల రాయి తీయు చిన్న గని అది. తరువాత మూతపడినది. చిన్న సిరకు కష్టములు మూడు: లోతునకు పోయినకొలది నీరు తోడు ఖర్చు పెరుగును, సిర సన్నగిల్లును, సీసము ధర మాత్రము గనివాని అదుపులో ఉండదు. పంట పోయిన చేను మఱుసటేడు పండును. త్రవ్విన సిర మరల పండదు. గనిని నమ్ముకొన్న పల్లె ఈ సత్యమును ముందే ఎఱిగి, గని నడచుచున్ననాడే బిడ్డలకు వేఱొక విద్య నేర్పవలెను.

ఇక మన ఇండ్లకు సంబంధించిన మాట యొకటి. సీసము వెండికి తల్లియైనను మనుష్యునకు విషము. గెలీనాను పొడిచేసి సుర్మాగా కండ్లకు పెట్టు అలవాటు మన ప్రాంతములలో ఉన్నది. చంటిబిడ్డ కన్ను నులుముకొని ఆ వ్రేలే నోట పెట్టుకొనును. సీసము కొంచెము చేరినను పసివాని మెదడు ఎదుగుదల కుంటుపడును. ఆ నష్టము మందులకు తిరిగిరాదు. ఇత్తడి పాత్రలకు కళాయి తగరముతో వేయింపవలెను. చౌకయని తగరమున సీసము కలిపినచో పులుసు కాచిన ప్రతిపూట విషము కూటిలో కలియును. పాత బ్యాటరీలను పెరటిలో పగులగొట్టి సీసము కరిగించుట అన్నిటికంటె అపాయము. ఆ పొగయు, ఆ బూడిదయు ఇంటి పిల్లలకే మొదట తగులును. మన దేశమున 2000 సంవత్సరమున పెట్రోలునుండి సీసమును తొలగించినారు. మన ఇంటినుండి తొలగింపవలసినది మనమే.

ఈ సంగతులు చదువురాని తల్లులకు చేరుట ఎట్లు? గ్రంథాలయము తలుపు తెఱచియుంచినంత మాత్రమున చాలదు. వారమునకొక సాయంకాలము చదువనేర్చిన పిల్లవాడొకడు ఇట్టి విషయమొకటి బిగ్గరగా చదివి వినిపించు ఏర్పాటు ఈ రజతోత్సవ సంవత్సరముననే ప్రారంభింపుడని కార్యవర్గమును కోరుచున్నాను. మొదటి సాయంకాలమునకు సుర్మా విషయమును, కళాయి విషయమును తీసికొనినచో సంతోషింతును.