మూత్రరోగాల వైద్యుని గురించి నాలుగు మాటలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను మెట్రిక్యులేషను చదివిన రైల్వే గుమాస్తాను, వైద్యుణ్ణి కాను. అయినా పండుగపూట ఈ సంగతి ఎత్తుకొనడానికి కారణం ఒకటే. మనవారిలో చాలామంది సిగ్గుచేత ఈ బాధను నోట అనక దాచుకొంటున్నారు.

యూరాలజిస్టు అనగా మూత్రపిండాలు, మూత్రాశయం, మూత్రమార్గం, మగవారి ప్రోస్టేటు గ్రంథి, వీటికి శస్త్రచికిత్స చేసే వైద్యుడు. నెఫ్రాలజిస్టు కూడ మూత్రపిండాల వైద్యుడే గాని, ఆయన మందులతోను, డయాలిసిస్‌తోను నయం చూస్తాడు, కత్తి పట్టడు. మా రైల్వేలో పట్టాలు చూసే శాఖ వేరు, సిగ్నళ్ళు చూసే శాఖ వేరు. నడవవలసిన బండి మాత్రం ఒకటే.

యూరాలజిస్టు చదువు చిన్నది కాదు. ఎం.బి.బి.ఎస్. 5½ ఏండ్లు, జనరల్ సర్జరీలో ఎం.ఎస్. 3 ఏండ్లు, ఆపైన యూరాలజీలో ఎం.సి.హెచ్. మరి 3 ఏండ్లు. బోర్డుమీద ఈ అక్షరాలుగాని, వీటికి సమానమైన డిగ్రీగాని ఉన్నదా అని చూసుకొని లోపలికి వెళ్ళడం తప్పు కాదు.

మూత్రంలో రాయికి శస్త్రం సుశ్రుత సంహితలోనే ఉన్నది. ఇప్పుడు పెద్ద కోత అరుదు. 1976లో స్టాక్‌హోంలో వీపున చిన్న రంధ్రం చేసి రాయి తీశారు. 1980లో మ్యూనిక్‌లో ఒంటి బయటినుండే అలలు పంపి రాయిని పొడిచేశారు. మూత్రమార్గం గుండా సన్నని దుర్భిణీ పంపి లేజరుతో పగులగొట్టే పద్ధతి కూడ ఉన్నది.

ఇక మన సంగతి. షోలాపూరు ఎండ మీకు తెలియనిది కాదు. మగ్గం ఆగితే కూలి తగ్గుతుందని పవర్‌లూం షెడ్డులో అన్నలు నీళ్ళకు లేవరు. వెయ్యి బీడీల లెక్క నిండాలని ఇంట్లో అక్కలు లేవరు. ఒంట్లో నీరు తగ్గితే మూత్రం చిక్కబడి, లవణాలు పేరుకొని రాయి అవుతుంది. ఇక్కడి మరాఠీవారు ముతఖడా అనేది దీన్నే. డాక్టరు నీరు తగ్గించమన్న వారు తప్ప, తక్కినవారు పక్కన చెంబు పెట్టుకొని తాగుతూ పని చేయండి.

మూత్రంలో రక్తం ఒక్కసారి కనబడి, నొప్పి లేకపోయినా చూపించుకోవాలి. బీడీ తాగేవారికి మూత్రాశయపు కేన్సరు భయం ఎక్కువ. నడుము నొప్పితో చలిజ్వరం వచ్చినా, మూత్రం బందైనా ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. రాత్రి నాలుగైదుసార్లు లేచే పెద్దలు, వయసు అని సరిపెట్టుకోవద్దు, ప్రోస్టేటుకు మందులున్నవి.

చిరంజీవి మార్కండేయుని వంశమని చెప్పుకొనే మనం, ఆయుస్సును సిగ్గుకు బలిపెట్టడం తగదు. ఈ మాట ఇంటికి వెళ్ళి అమ్మకూ నాయనకూ చెప్పండి. సెలవు.