భద్రాద్రిలో మూడు నడకలు

స్పెయిను దేశమున టొలీడో అను పాత నగరము కలదు. మూడు ప్రక్కల తాగస్ నది చుట్టుకొని పారుచుండగా కొండమీద వెలసిన ఊరది. క్రైస్తవులు, యూదులు, మహమ్మదీయులు శతాబ్దుల తరబడి కాపురమున్న చోటు. అచ్చట విషయమునుబట్టి బాటలు కలవు. ఒకనాడు యూదుల వాడ, మరియొకనాడు ఎల్ గ్రెకో చిత్రములున్న గుడులు, ఇట్లు యాత్రికులు కాలినడకను తిరుగుదురు.

మన భద్రాచలమునకు పోవువారిలో పెక్కుమంది చేయునదేమి? బస్సు దిగి, గోదావరిలో మునిగి, మెట్లెక్కి, దర్శనము చేసికొని, మధ్యాహ్నమునకు పర్ణశాలకు బండి ఎక్కుదురు. దర్శనమైనది గాని ఊరు చూచినట్లు కాలేదు. శ్రోతలకు నేను మూడు నడకలు మనవి చేయుదును.

మొదటిది దమ్మక్క నడక. రామదాసుకంటె ముందు ఆమెను తలచుట న్యాయము. పోకల దమ్మక్క అను గిరిజన స్త్రీ పుట్టలోని మూర్తులను కనుగొని, పందిరి వేసి, తాటిపండు నైవేద్యముపెట్టి కొలిచినదని స్థలపురాణము. కోవెలనుండి బయలుదేరి ఐ.టి.డి.ఏ. ప్రాంగణములోని గిరిజన మ్యూజియమువరకు నడచినచో, ఆమెవంటివారి బ్రతుకు ఎట్టిదో కొంత తెలియును. వచ్చిన యాత్రికులలో ఎందరు అటు తొంగిచూతురో చెప్పలేను.

రెండవది గోపన్న నడక. ఇది అందరు ఎరిగినదే. నేలకొండపల్లిలో పుట్టి, 17వ శతాబ్దిలో తానీషా ఏలుబడిలో పాల్వంచ పరగణా తహసీలుదారై, సర్కారు పైకముతో గుడి కట్టించి, గోలకొండ చెరలో మ్రగ్గినవాడు కంచర్ల గోపన్న. లోపల మూలమూర్తిని నిదానించి చూడవలెను. రామునికి నాలుగు చేతులు. శంఖము కుడిచేత, చక్రము ఎడమచేత నున్నవి. సీతమ్మ ఎడమతొడపై కూర్చున్నది. పిమ్మట రంగనాయకుల గుట్ట ఎక్కుడు. చెరలో పెట్టించిన దొర పేరుననే కల్యాణమునకు ముత్యాల తలంబ్రములు పంపు ఆచారము నిలిచినది; నేటికిని ప్రభుత్వము పంపుచున్నది. చరిత్రలో ఇట్టి చిక్కుముడులు టొలీడోకే చెల్లునని అనుకొనరాదు.

మూడవది ఏటి నడక. నా మనస్సు దీనియందే ఎక్కువ. స్నానఘట్టమునుండి కరకట్ట వెంబడి పోవలెను. నీరు 43 అడుగులకు వచ్చినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు ఎగసినది. 2022 జూలైలో మరల 71.3 అడుగులకు చేరినది. నాటి మట్టమును ఒక్కొక్క వీధిలో ఒక రాతిమీద గీచి చూపినచో ఎంత బాగుండును! 1986 నాటి వరదను కన్నులార చూచినవారు ఏటేట తగ్గిపోవుచున్నారు. పాత వంతెన 1965లో రాష్ట్రపతి రాధాకృష్ణన్ గారు ప్రారంభించినది. అంతకుముందు ఈ రేవున ఏరు దాటుటకు పడవయే దిక్కు.

కట్ట దిగి ఇంకను ముందునకు నడచిన, సుమారు రెండు కిలోమీటర్లలో ఎటపాక. జటాయువు రెక్కలు తెగి కూలిన చోటు అదే అందురు. ఇక్కడ ఒక వింత. నడచుచునే మీరు రాష్ట్రము దాటుదురు! 1959 వరకు భద్రాచలము తూర్పుగోదావరి జిల్లాలోనిది. పిదప ఖమ్మములో కలిసినది. 2014లో పోలవరము ముంపు కారణమున చుట్టుప్రక్కల పల్లెలు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. పట్టణము మాత్రము తెలంగాణములో నిలిచినది. పురుషోత్తపట్నములోని దేవుని మాన్యములు ఒక రాష్ట్రమున, దేవుడు మరియొక రాష్ట్రమున! ఊరు పెరుగుటకు నేల కరవైనది. ఎటపాక మొదలగు అయిదు పంచాయతీలను తిరిగి కలుపవలెనను కోర్కె నాటినుండియు వినవచ్చుచున్నది. కోవెలలో మ్రొక్కి తిరిగిపోవు యాత్రికునకు ఈ గొడవ తెలియదు. ఈ బాటను నడచినవానికి చెప్పనక్కరలేదు.

వేసవిలో ఈ నడకలు తెల్లవారుజాముననే ముగించుట మేలు. ఇక్కడి ఎండ జాలి ఎరుగదు. చలికాలమున వచ్చువారు, ఓపిక యున్నచో, మరికొంత దూరము గుండాల వరకు పోవచ్చును. అచ్చట ఏటి ఒడ్డున ఇసుక త్రవ్వినచో వేడినీరు ఊరును. వానకాలమున ఆ చోటు గోదావరి క్రిందికి పోవును గనుక అప్పుడు పోయి ఫలము లేదు.