కార్పొరేటర్ ఫోను, కౌన్సిల్ ఓటు

(విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను డిగ్రీ చదివే రోజుల్లో మా బస్తీలో తెల్లవారుజామున కార్డన్ సెర్చ్ జరిగింది. బండి కాగితాలు లేవని ఇంటర్ చదివే మా తమ్ముణ్ని స్టేషన్‌కు తీసుకెళ్లారు. అమ్మ స్టేషన్‌కు పోలేదు, నేరుగా కార్పొరేటర్ ఇంటికి పోయింది. ఆయన ఒక ఫోను చేశాడు. మధ్యాహ్నానికి తమ్ముడు వాచిన చెంపతో ఇంటికొచ్చాడు. ఎవరు కొట్టారని ఆయన అడగలేదు. మేమూ అడగలేదు. వాడు వచ్చాడు, అదే పదివేలు అనుకున్నాం.

ఇప్పుడు సియాటిల్ నగరానికి వస్తాను. 2023 ఫిబ్రవరి 21న ఆ నగర కౌన్సిల్ క్షమా సావంత్ ప్రతిపాదనను 6-1 ఓట్లతో ఆమోదించి కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. మనమంతా పండగ చేసుకున్నాం. దానికి నాలుగు వారాల ముందు, జనవరి 23న, అదే నగరంలో మన కర్నూలు జిల్లా విద్యార్థిని రోడ్డు దాటుతుండగా పోలీసు కారు గుద్ది చంపింది. గంటకు 40 కిలోమీటర్ల హద్దున్న వీధిలో ఆ కారు వేగం దాదాపు 119. ఆ అమ్మాయి పేరు మీకు తెలుసు. ఆ పేరును చాలామంది చాలా రకాలుగా వాడుకున్నారు గనక ఇక్కడ చెప్పను.

ఆ రాత్రి ఇంకో పోలీసు అధికారి ఫోనులో నవ్వుతూ ఆమె ప్రాణానికి విలువ కట్టాడు. ఒక చెక్కు రాసిస్తే సరిపోతుందన్నాడు. ఒంటి మీది కెమెరా ఆపడం మరిచిపోయాడు కాబట్టే ఆ నవ్వు మనకు వినపడింది. అతను అప్పుడు పోలీసు యూనియన్ ఉపాధ్యక్షుడు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

కారు నడిపిన అధికారి మీద క్రిమినల్ కేసు పెట్టడం లేదని ప్రాసిక్యూటర్ ప్రకటించిన తేదీ 2024 ఫిబ్రవరి 21. కుల చట్టానికి సరిగ్గా ఏడాది.

మరి కౌన్సిల్ ఏం చేసింది? చేయలేదని అనను. 2017లోనే చట్టం చేసి, ఫిర్యాదులు విచారించే కార్యాలయం, పైనుంచి తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ జనరల్, ప్రజల తరఫున పోలీస్ కమిషన్, మూడింటికీ స్థిరమైన అధికారాలిచ్చింది. మరుసటి ఏడాదే పోలీసు యూనియన్‌తో చేసుకున్న కాంట్రాక్టుతో ఆ చట్టం పళ్లు పీకింది. ఓట్లు 8-1. క్రమశిక్షణ విషయంలో నగరం వెనక్కి జారిందని 2019లో ఫెడరల్ జడ్జి తప్పుపట్టాడు. 2024 మేలో మళ్లీ కాంట్రాక్టు వచ్చింది. పాత ఏళ్లకూ వర్తించేలా జీతాలు భారీగా పెంచారు. మళ్లీ 8-1. ఆ ఓటింగు నాటికి నవ్విన అధికారి ఉద్యోగంలోనే ఉన్నాడు. జులైలో గానీ తీసేయలేదు. కారు నడిపినతన్ని 2025 జనవరిలో తొలగించారు.

నా పరిశోధనలో నాకు అర్థమైంది ఇదే: పోలీసు జవాబుదారీతనం చట్టం పేరులో ఉండదు, కాంట్రాక్టు షరతుల్లో ఉంటుంది. అయినా అక్కడ ఎవరు ఎటు ఓటేశారో రికార్డులో ఉంది. ఆ ఎనిమిది మందిని పేరు పెట్టి నిలదీయొచ్చు.

మా కార్పొరేటర్‌ను ఎలా నిలదీస్తాం? రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకు 18 అంశాలున్నాయి. వీధి దీపాలు, శ్మశానాలు, ఆఖరికి బందెలదొడ్లు కూడా. పోలీసు లేదు, అది రాష్ట్ర జాబితాలోది. అందుకే మన దగ్గర కార్పొరేటర్‌కు అధికారం ఉండదు, పలుకుబడి ఉంటుంది. హక్కుగా రావాల్సింది ఉపకారంగా వస్తుంది.

2020 జులైలో, కొద్ది రోజుల తేడాతో, సీతానగరం స్టేషన్‌లో ఒక దళిత యువకుడికి గుండు గీశారు. చీరాలలో మాస్కు లేదని ఆపిన మరో దళిత యువకుడు చనిపోయాడు. పోలీసులే కొట్టి చంపారని కుటుంబం, వాహనంలోంచి దూకాడని పోలీసులు. ఉపకారం చేసే ఫోను అందరికీ అందదు.

అయితే ఒక సందు ఉంది. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు ఉండాలంది. బొమ్మతో పాటు మాట కూడా రికార్డు కావాలంది. నవ్వు వినపడాలంటే మాట కావాలి కదా. వాటిని చూసే జిల్లా పర్యవేక్షణ కమిటీలో కలెక్టరు, ఎస్పీలతో పాటు మున్సిపాలిటీ మేయర్ కూడా సభ్యుడు. ఎవరూ ఫిర్యాదు చేయని హక్కుల ఉల్లంఘనల కోసం రికార్డులు వెతకడం కూడా ఆ కమిటీ పనే. అంటే నగర పాలకులకు ఒక కుర్చీ ఉంది. మన మేయర్లు ఆ కుర్చీలో కూర్చున్నారా, ఏం చూశారు, కౌన్సిల్ సమావేశంలో చెప్పారా? ఈ ప్రశ్నతో ప్రతి ఊళ్లోనూ ఆర్టీఐ వేద్దాం. ఇంకెక్కడో మొదలుపెట్టాలని నాకు అనిపించడం లేదు.

ఆ తీర్పులో ఆ పేరా అచ్చు తీసి మా కార్పొరేటర్‌కు ఇచ్చాను. "ఏ కమిటీ అమ్మా ఇది?" అన్నాడు. చదివాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"తమ్ముడికి మళ్లీ ఏమైనా ఇబ్బందైతే ఒక ఫోన్ కొట్టు," అన్నాడు.