పేషెంటుని చూశావా?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీర్ని. డాక్టరు చదువు గురించి మాట్లాడమంటే మొదట కుదరదన్నాను. "మీ అమ్మాయి అమెరికాలో మెడిసిన్ చదువుతోంది కదా, మనవాళ్ల పిల్లలు చాలామంది అక్కడే ఉన్నారు, ఆ దారేదో చెప్పు" అన్నారు సంఘం మిత్రులు. అయితే నేను చేసిన తప్పుతో సహా చెబుతానని ఒప్పుకున్నాను.

మన దగ్గర ఇంటర్ అవగానే నీట్ రాస్తారు. ర్యాంకు వస్తే ఎంబీబీఎస్. అక్కడ ముందు నాలుగేళ్ల డిగ్రీ, తర్వాత నాలుగేళ్ల మెడికల్ స్కూలు, ఆపైన కనీసం మూడేళ్ల రెసిడెన్సీ. 'ప్రీమెడ్' అనేది డిగ్రీ పేరు కాదు. చరిత్ర చదివినా, సంగీతం చదివినా ఫర్వాలేదు. కానీ బయాలజీ, కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ ల్యాబులతో సహా పూర్తి చేయాలి. బయోకెమిస్ట్రీ కూడా చాలాచోట్ల అడుగుతారు. మొదటి ఏడాది అశ్రద్ధ చేయకూడదు. తప్పిన సబ్జెక్టు మళ్లీ చదివి మంచి గ్రేడు తెచ్చుకున్నా, ఎండీ దరఖాస్తులో పాత గ్రేడు కూడా సగటులో కలుస్తుంది.

తర్వాత ఎంక్యాట్. నాలుగు భాగాలు, విరామాలతో కలిపి సుమారు ఏడున్నర గంటల పరీక్ష. స్కోరు 472 నుంచి 528 వరకు ఉంటుంది.

నాకు తెలిసింది ఎంసెట్ ఒక్కటే. అందుకని ఆ స్కోరే లోకమనుకున్నాను. సెలవుల్లో ఆసుపత్రికి వాలంటీరుగా వెళతానని అమ్మాయి అంటే, "టైం వేస్టు, కూర్చుని చదువుకో" అన్నాను. స్కోరు బాగానే వచ్చింది. ఇరవై కాలేజీలకు పెట్టింది. ఒక్కచోట నుంచి కూడా ఇంటర్వ్యూకి పిలుపు రాలేదు. ఒకరోజు వంటింట్లో నిలబడి అంది: "నాన్నా, స్కోరెంత అని రోజూ అడిగావు. పేషెంటుని చూశావా అని ఒక్కసారీ అడగలేదు."

ఆ దరఖాస్తులో చేసిన పనులు రాయడానికి 15 గడులు ఉంటాయి. వాటిలో మూడింటి గురించి వివరంగా రాయాలి. డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నావో 5,300 అక్షరాల్లో చెప్పాలి. మా అమ్మాయి దగ్గర రాయడానికేమీ లేదు. అలా చేసింది నేనే.

ఆ తర్వాత తను చిన్న శిక్షణ తీసుకుని, వృద్ధులుండే నర్సింగ్ హోములో సహాయకురాలిగా చేరింది. స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పక్కబట్టలు మార్చడం. ఊరి నుంచి బంధువులు ఫోన్ చేస్తే "రీసెర్చి చేస్తోంది" అని అబద్ధం చెప్పాను. అది ఈ రోజు మీ ముందు ఒప్పుకుంటున్నాను.

రోజూ రాత్రి ఆ రోజు చూసింది నోటుబుక్కులో రాసుకునేది. అది చూసినప్పుడల్లా మన సైన్సు మాస్టారు గుర్తొచ్చేవారు. చెరువు గట్టుకి తీసుకెళ్లి, "పుస్తకంలో ఉన్నది కాదురా, నువ్వు చూసింది రాయి" అనేవారు. నేను పక్కవాడి దాంట్లోంచి ఎక్కించి దొరికిపోయాను. అమ్మాయి రెండోసారి దరఖాస్తు ఆ నోటుబుక్కులోంచే వచ్చింది. మూడు ఇంటర్వ్యూలు, ఒక సీటు. మాకు అదే చాలు.

డెంటల్, ఫిజియోథెరపీ, ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సులకు దరఖాస్తులు వేరు, దారి మాత్రం ఇంచుమించు ఇదే. మనవాళ్లకు ఇంకొక మాట. గ్రీన్‌కార్డు లేని పిల్లలను చాలా మెడికల్ స్కూళ్లు తీసుకోవు. 21 ఏళ్లు నిండితే హెచ్-4 హోదా పోతుంది. డిగ్రీలో చేరకముందే ఆ లెక్క చూసుకోండి.

చివరగా ఒక విన్నపం. మన సంఘంలో డాక్టర్లున్నారు, ఫార్మసిస్టులున్నారు, నర్సులున్నారు. ఏటా సెలవుల్లో ఈ బడి పిల్లలు ఇద్దరిని వారం రోజులు మీ పక్కన నిలబడి చూడనివ్వండి. నచ్చితే చదువుతారు. నచ్చకపోతే అదీ ముందే తెలుస్తుంది. ఆ పిల్లల చేతికి తలా ఒక నోటుబుక్కు నేను కొనిస్తాను.

సెలవు.