వృద్ధాశ్రమాల వంట – కాంట్రాక్టు



వృద్ధాశ్రమాల్లో వంట, వడ్డన పనులు ఔట్‌సోర్సింగుకు ఇవ్వడం గురించి మాట్లాడమన్నారు. సర్వీసంతా టెండరు ఫైళ్లు రాసినవాణ్ణి. తక్కువ రేటు వేసినవారికే పని. మిర్యాలగూడలో ఎన్ని మిల్లులున్నా బియ్యం ఊరికే రావు కదా! ఇక కాంట్రాక్టరుకు మిగిలేది వంటమనిషి జీతం, పప్పు చిక్కదనం. కోత అక్కడే పడుతుంది. జీతం సరిగా అందని మనిషి మానేస్తుంది. కొత్తగా వచ్చినామెకు ఎవరికి షుగరో, ఎవరికి ఉప్పు తగ్గించాలో, పళ్లు లేక ఎవరికి అన్నం మెత్తగా కావాలో ఏం తెలుసు?

కాంట్రాక్టే వద్దనడం లేదు. వంటవాళ్లు దొరక్క అవస్థపడే ఆశ్రమాలూ ఉన్నాయి. కాని బాధ్యత కూడా అప్పగించేస్తేనే చిక్కు. కాంట్రాక్టరు జీతమివ్వకపోతే ప్రధాన యజమాని చెల్లించాలని 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో ఉంది. అయితే ఆ అధ్యాయం 50 మంది, అంతకుమించి కాంట్రాక్టు కార్మికులున్న చోటికే వర్తిస్తుంది. మన ఆశ్రమాల వంటగదుల్లో అయిదారుగురికి మించరు! కనుక ఆ షరతు ఒప్పందంలోనే రాయించాలి. 2006 నాటి ఆహార భద్రత చట్టం మాత్రం లాభాపేక్ష లేని వంటశాలకూ వర్తిస్తుంది. లైసెన్సో రిజిస్ట్రేషనో చూపించమని అడగవచ్చు.

ఆశ్రమం చూడవచ్చిన పిల్లలు గదికి ఏసీ ఉందా, బాత్‌రూం ఎలా ఉంది అంటారు. వంటామెకు ఏ తారీఖున జీతమిస్తారో కూడా అడగమనండి. సెలవు.