పల్లె పశువైద్యానికి పరిమిత రిజిస్ట్రేషన్ కావాలి

(శ్రీసిటీ పరిసర గ్రామాల పాడి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల ధర గురించి మన సంఘం ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంది. ఈ రోజు నేను దాని జోలికి పోను. ఆవు బతికుంటేనే కదా పాల ధర! ఆవుకు జబ్బు చేస్తే మన కొట్టంలోకి ముందుగా ఎవరు వస్తున్నారు, వాళ్లకు చట్టంలో ఏ స్థానం ఉంది, దాని మంచి చెడ్డలు మనకెందుకు అనేదే ఈ రోజు నా మాట.

శ్రీసిటీ వచ్చాక మన ఊళ్లు ఎలా మారాయో మీకు తెలుసు. వయసు పిల్లలు కంపెనీ బస్సెక్కి షిఫ్టులకు పోతున్నారు. మేత బీళ్లు తగ్గాయి. ఆవులను చూసుకునేది ఎక్కువగా ఆడవాళ్లు, పెద్దవాళ్లు. రాత్రి ఎనిమిది గంటలకు ఆవు కడుపు ఉబ్బితే వాళ్లు ఎవరికి ఫోను చేస్తారు? గోపాలమిత్రకు చేస్తారు. లేదంటే రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి చేస్తారు. ఆయనా దొరక్కపోతే రిటైరైన కాంపౌండరును బతిమాలుకుంటారు. డిగ్రీ చదివిన డాక్టరు మనకు దూరం. ఆయన కింద ఎన్నో ఊళ్లు ఉంటాయి. 5,000 పశువులకు ఒక డాక్టరు ఉండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే చెప్పింది. మన మండలాల్లో ఆ లెక్క ఎక్కడుందో మీరే చెప్పండి.

1962 బండి ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. 2022 మేలో నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 బండ్లతో మొదలైంది. ఆ నంబరు ప్రతి ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోవాలి. కానీ ఒకే బండి ఒకే సమయంలో రెండు ఊళ్లలో ఉండలేదు. కడుపుబ్బరం బండి కోసం ఆగదు.

ఇప్పుడు చట్టం సంగతికి వస్తాను. పార్లమెంటు 1984లో భారత పశువైద్య మండలి చట్టం చేసింది. దాని ప్రకారం పశువైద్యం చేయాలంటే గుర్తింపు పొందిన డిగ్రీ ఉండాలి, రిజిస్టరులో పేరు ఉండాలి. ఆ డిగ్రీ అయిదున్నరేళ్ల చదువు. మన తిరుపతి కాలేజీ 1955 నుంచి ఈ చదువు చెబుతోంది. అయితే అదే చట్టంలో 30వ సెక్షనులో ఒక చిన్న తలుపు తెరిచి పెట్టారు. డిప్లొమా గానీ సర్టిఫికెట్టు గానీ ఉన్న స్టాక్‌మెన్, స్టాక్ అసిస్టెంటు వంటి వారికి రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా అనుమతి ఇవ్వవచ్చు. వాళ్లు రిజిస్టరైన డాక్టరు పర్యవేక్షణలో చిన్న చిన్న సేవలు చేయవచ్చు. టీకాలు, విత్తులు నొక్కడం, గాయాలకు కట్టు కట్టడం, ప్రథమ చికిత్స, రాష్ట్రం గెజిట్‌లో ప్రకటించిన మరికొన్ని వైద్యాలు ఇందులోకి వస్తాయి. ఆరోగ్య సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టే హక్కు మాత్రం రిజిస్టరైన డాక్టరుకే ఉంది.

అంటే పూర్తి అర్హత లేని మనిషిని చట్టం తరిమెయ్యమనలేదు. హద్దు గీసి, పైన డాక్టరును పెట్టి పని చేయించుకోమంది. పరిమిత రిజిస్ట్రేషన్ అంటే ఇదే. ఈయన ఎవరు, ఏం చదివాడు, ఏ పని చేయవచ్చు, ఏది చేయకూడదు, ఏ డాక్టరు కింద చేస్తున్నాడు అనేది రాసి, నంబరు ఇచ్చి, అందరికీ కనిపించేలా పెట్టడం.

ఇది కొత్త విడ్డూరం కాదు. న్యూజిలాండ్‌లో పూర్తి రిజిస్ట్రేషన్‌కు అర్హత లేని పశువైద్యులకు షరతులు పెట్టి పరిమిత రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఇంగ్లండులో 2021లో కబేళాల్లో తనిఖీకి వైద్యులు చాలక, భాషా పరీక్షలో పూర్తి మార్కు అందుకోని విదేశీ వైద్యులకు పర్యవేక్షణలో తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇచ్చారు. వాళ్లు డిగ్రీ ఉన్నవాళ్లే, మన గోపాలమిత్రలతో సమానం కాదు. ఆ తేడా నాకు తెలుసు. అయినా సూత్రం ఒక్కటే. మనిషి అవసరం, హద్దూ అవసరం.

మన దగ్గర ఏం జరుగుతోంది? పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండేళ్లు చదివినవాళ్లు ఉన్నారు. ఇంటర్ ఒకేషనల్ కోర్సు చేసినవాళ్లు ఉన్నారు. ముఖ్యంగా ఎద సూది కోసం కొన్ని నెలలు శిక్షణ పొందిన గోపాలమిత్రలు ఉన్నారు. ఏ చదువూ లేకుండా సూది పట్టినవాళ్లూ ఉన్నారు. రైతుకు అందరూ డాక్టరే! ఎవరు ఎంతవరకు చేయగలరో మనకు తెలియదు. పొదుగువాపుకు వచ్చిన మనిషి ఏ మందు ఎక్కించాడో చీటీ ఉండదు. పొద్దున ఆ పాలే కేంద్రానికి పోతాయి. మందు వాడాక అది చెప్పినన్ని రోజులు పాలు పోయకూడదని మనకు చెప్పేవాళ్లు లేరు.

పశువైద్యుల సంఘాలు అడ్డం చెబుతున్నాయంటే వాళ్ల మాటలో పస ఉంది. పాల జ్వరానికి కాల్షియం నరానికి గబగబా ఎక్కిస్తే ఆవు గుండె ఆగిపోవచ్చు. మాయ పడలేదని చేత్తో లాగితే గర్భసంచి పాడవుతుంది. దూడలకు వేసే బ్రుసెల్లా టీకాలో బతికున్న క్రిమి ఉంటుంది. ఆ సూది చేతికి గుచ్చుకుంటే మనిషికే జబ్బు. డైక్లోఫినాక్‌ను పశువులకు వాడొద్దని 2006లో ఆపారు, ఎందుకంటే ఆ మందు ఉన్న కళేబరాలు తిని రాబందులు చచ్చాయి. కొలిస్టిన్‌ను 2019లో, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్‌లను 2023లో ఆపారు. ఈ సంగతులు సూది పట్టే ప్రతి మనిషికీ చేరాలి కదా? పేరే లేని మనిషికి కబురు ఎవరు పంపుతారు? అందుకే వాళ్లను రిజిస్టరులోకి తేవాలంటున్నాను.

బీమా సంగతి కూడా చూడండి. ఆవు చచ్చిపోతే డబ్బు రావాలంటే డాక్టరు ఇచ్చిన మరణ ధ్రువపత్రం కావాలి. అంతకుముందు మూడు రోజులు వైద్యం చేసిన మనిషి దగ్గర ఒక్క కాగితమూ ఉండదు. జబ్బు ఎప్పుడు మొదలైంది, ఏ మందు పడింది అని అడిగితే రైతు నోటి మాట తప్ప ఆధారం ఉండదు. ఆ కాగితం లేని నష్టం గోపాలమిత్రదీ కూడా. ఆవు చచ్చిపోతే ఊరంతా ఆయన మీద పడుతుంది. ఆయన తన హద్దులోనే పని చేశాడని చూపించుకోవడానికి ఏమీ ఉండదు.

అందుకని మన సంఘం తరఫున అయిదు కోర్కెలు పెడుతున్నాను.

ఒకటి, గ్రామ స్థాయిలో పశువులకు వైద్యం చేసే ప్రతి మనిషినీ జిల్లా రిజిస్టరులో నమోదు చేయాలి. ఫోటో, నంబరు, పర్యవేక్షించే డాక్టరు పేరు, ఫోను ఉండాలి.

రెండు, చేయవచ్చిన పనుల జాబితా, చేయకూడని పనుల జాబితా తెలుగులో రాసి ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద పెట్టాలి. ఆఫీసు ఫైలులో ఉంటే మనకు పనికిరాదు.

మూడు, ఏళ్ల తరబడి పని చేస్తున్న గోపాలమిత్రలకు తిరుపతిలోని పశువైద్య విశ్వవిద్యాలయం కింద శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టాలి. పాసైతే నమోదు చేయాలి. కొన్నేళ్లకు ఒకసారి మళ్లీ శిక్షణ ఇవ్వాలి.

నాలుగు, ప్రతి వైద్యానికీ చీటీ ఇవ్వాలి. మందు పేరు, మోతాదు, ఎన్ని రోజులు పాలు పోయకూడదో అందులో ఉండాలి.

అయిదు, ఇది అన్నిటికన్నా ముఖ్యం. దీన్ని సాకుగా పెట్టుకుని డాక్టరు పోస్టులు ఖాళీగా ఉంచకూడదు. పర్యవేక్షించడానికి డాక్టరే లేకపోతే పర్యవేక్షణ కాగితం మీద మాటే అవుతుంది. పశుసంవర్ధక సహాయకుల పోస్టులు 1,896 భర్తీ చేస్తామని 2023 నవంబరులో నోటిఫికేషన్ ఇచ్చారు. కింద ఉన్నవాళ్లను పెంచితే పైన ఉన్నవాళ్లనూ పెంచాలి. చవక మనిషితో సరిపెట్టి, పేద రైతు ఆవుకు సగం వైద్యం చాలనుకుంటే మనం ఒప్పుకోం.

మన వంతు కూడా కొంత ఉంది. వచ్చినాయన్ని "పెద్ద సూది వెయ్యి సామీ" అని ఒత్తిడి చేయొద్దు. "ఇది నా వల్ల కాదు, డాక్టరును పిలవండి" అని ఆయన చెబితే కోప్పడొద్దు. ఆ మాట చెప్పినవాడే మంచివాడు. చీటీ అడగండి, దాచుకోండి. ఆర్నెల్లకోసారి వచ్చే గాలికుంటు టీకాకు పశువులను కట్టేసి ఉంచండి.

మా వైపు ఒక పెద్దామె నన్ను అడిగింది: "నాయనా, వచ్చినాయన డాక్టరా కాదా అని నాకెట్టా తెలుస్తుంది?" ఆమెకు చట్టం చదివే పని పెట్టకూడదు. వచ్చినాయన మెడలో ఒక కార్డు, గోడ మీద ఒక జాబితా ఉంటే ఆమెకు తెలుస్తుంది. మనం అడుగుతున్నది అంతే.

ఈ అయిదు కోర్కెలతో మండలాల వారీగా సంతకాలు సేకరించి తిరుపతిలో కలెక్టరు గారికి, పశుసంవర్ధక శాఖ వారికి ఇద్దాం. కాగితాలు ఇప్పుడే పంచుతున్నారు. గోపాలమిత్రల చేత కూడా సంతకం పెట్టించండి. వాళ్లు మనకు పోటీ కాదు, మన పక్కనే నిలబడాల్సినవాళ్లు.