దయ్యాల కొంప కట్టిన చేతులు

(ఢిల్లీలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభలో దయ్యాల సినిమాల ప్రస్తావన ఏమిటని మీరు ఆశ్చర్యపడవచ్చు. తక్కువ పెట్టుబడితో తీసే అటువంటి చిత్రాలకు సెట్లు రూపొందించే కళాదర్శకుల జీవితం, వారి వద్ద పనిచేసే వడ్రంగుల, రంగులవారి జీవితం మన దృష్టికి రావలసినవేనని మేము భావిస్తున్నాము. రైలు క్షేమంగా స్టేషన్ చేరినప్పుడు గ్యాంగ్‌మన్‌ను తలచుకునేదెవరు?

విఠలాచార్యగారి 'జగన్మోహిని' (1978) మీలో పలువురు చూసే ఉంటారు. కట్టెలకు బదులు తన కాళ్లనే పొయ్యిలో పెట్టి వంట చేసిన దయ్యాన్ని ఎవరూ మరువలేదు. ఆ పొయ్యిని, ఆ కిటుకును అమర్చిన చేతులు ఎవరివో మాత్రం ఎవరికీ పట్టలేదు. ఆ దర్శకుడు పొదుపుకు పెట్టింది పేరు. అటువంటి పొదుపు భారం మొట్టమొదట పడేది కళాశాఖ మీదనే.

అమెరికాలో డేనియల్ హాలర్ అనే కళాదర్శకుని వృత్తిజీవితం ఈ విషయంలో మరింత విశదంగా కనబడుతుంది. ఆయన రోజర్ కార్మన్ చిత్రాలకు పనిచేశారు. 1959లో 'ఎ బకెట్ ఆఫ్ బ్లడ్' చిత్రీకరణ అయిదు రోజుల్లో ముగిసింది. 1960లో 'ది లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్' ముఖ్య చిత్రీకరణకు పట్టింది రెండు రోజులే. వేరొక చిత్రానికి వేసిన సెట్టు విప్పకముందే అందులో తీశారు. అదే ఏడాది 'హౌస్ ఆఫ్ అషర్'కు పదిహేను రోజులు దొరికాయి. కావలసింది మాత్రం పాడుబడిన మహాభవంతి! ఒక పెద్ద స్టూడియో గోదాములోని పాత సెట్టు ముక్కలు కొని, అతికి, హాలర్ దానిని నిలబెట్టారు. పని తీరాక వాటిని పారవేయక, తరువాతి చిత్రానికి మరికొన్ని చేర్చారు. అలా చిత్రం వెంట చిత్రం కోట పెరుగుతూ వచ్చింది. ఇల్లు కాలే దృశ్యానికి నిజమైన కొట్టాన్నే తగలబెట్టారు. ఆ మంటలే తరువాతి చిత్రాల్లోనూ మండాయి. 1965 నాటికి హాలర్ స్వయంగా దర్శకులయ్యారు.

ఈ నేర్పును మేము మెచ్చుకుంటాము. అయితే "చవకగా తీశాడు" అన్న పొగడ్త వినబడినప్పుడల్లా, ఆ మిగులు ఎవరి నిద్ర నుండి వచ్చిందని అడగక తప్పదు. రెండు రోజుల చిత్రీకరణకు ముందు ఎన్ని రాత్రులు మేకులు కొట్టారో తెరపై పడదు.

ఈ ఢిల్లీలోనే పార్లమెంటు 1981లో సినీ కార్మికుల ఉపాధి క్రమబద్ధీకరణకు చట్టం చేసింది. నమోదైన లిఖిత ఒప్పందం లేకుండా కథాచిత్రానికి కార్మికుని నియమించరాదని అది శాసించింది. నెలకు 1,600 రూపాయలు, లేదా మొత్తంగా 15,000 రూపాయలు మించి పుచ్చుకునేవారు తొలుత దాని నిర్వచనంలోకి రాలేదు. వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ (2020) 2025 నవంబరు 21న అమలులోకి రావడంతో ఆ చట్టం రద్దయింది. లిఖిత ఒప్పందపు నియమం మాత్రం ఆడియో విజువల్ కార్మికుల పేరిట కోడ్‌లో నిలిచింది.

మన ఇరుగుపొరుగున నోయిడా ఫిలింసిటీకి పనికి పోయే వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు ఉంటారు. ఫారాలు నింపడం తపాలా సోదరులకు కొత్త కాదు. ఒప్పంద పత్రం చేతికి వచ్చిందా అని వారిని అడగండి. రాలేదంటే మా కార్యాలయానికి వెంటబెట్టుకు రండి.